తమ్ముడు అమెరికాలో కౌంటీ జైల్లో ఉన్నాడు, ఇక్కడి నుంచి మేమేం చేయగలం?

ప్రశ్న: హనుమకొండ నుంచి రాస్తున్నాను. మా తమ్ముడు టెక్సాస్‌లో ఎం.ఎస్. రెండో సెమిస్టర్ చదువుతున్నాడు. ఎవరో పరిచయస్థుడు చెప్పాడని ఒక ఇంటికి వెళ్ళి పార్శిల్ తీసుకుంటుండగా పోలీసులు పట్టుకున్నారు. ఆ ఇంట్లో ఉండే పెద్దావిడను ఎవరో ఫోన్‌లో బెదిరించి డబ్బు సిద్ధం చేయించారట. తొమ్మిది రోజులుగా కౌంటీ జైల్లో ఉన్నాడు. బెయిల్ బాండ్ లక్ష డాలర్లు అంటున్నారు. అప్పు చేసి కట్టేయమంటారా? నాన్నగారికి గుండె జబ్బు ఉంది, ఆయనకు ఇంకా చెప్పలేదు. నేను బయలుదేరి రావాలా?

సమాధానం:

అమ్మా, ముందు బాండ్ సంగతి చెబుతాను. మీరు ఈపాటికే ఎవరినో అప్పు అడిగి ఉంటారని నా అనుమానం. ఆగండి. రెండు విషయాలు తేలకముందు ఒక్క రూపాయి కూడా బాండ్‌కు కట్టకండి.

లక్ష డాలర్ల బాండ్ అంటే లక్షా కట్టనక్కర్లేదు. టెక్సాస్‌లో బాండ్ ఏజెంటు మామూలుగా పది శాతం తీసుకుని మిగతాదానికి తాను పూచీ ఉంటాడు. అంటే పది వేల డాలర్లు, మన లెక్కలో ఎనిమిది లక్షల పైమాటే. ఆ డబ్బు అతని ఫీజు. కేసు కొట్టేసినా, మీ తమ్ముడు నిర్దోషి అని తేలినా అది తిరిగి రాదు. పైగా ఎవరైనా పూచీకత్తు సంతకం పెట్టాలి. తమ్ముడు ఒక్క వాయిదాకు రాకపోతే లక్షా ఆ సంతకం పెట్టినవారి మెడకు చుట్టుకుంటుంది.

తేలాల్సిన మొదటి విషయం, అతని మీద ఇమిగ్రేషన్ డీటెయినర్, అంటే తాము వచ్చేదాకా వదలవద్దని ఇమిగ్రేషన్ శాఖ జైలుకు పంపే అభ్యర్థన, ఉందా లేదా అన్నది. కౌంటీ జైలును నడిపే షెరీఫ్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఖైదీల జాబితా ఉంటుంది. అందులో అతని పేరు కింద ఆరోపణ, బాండ్ మొత్తం, ఇంకేదైనా 'హోల్డ్' ఉంటే అదీ కనిపిస్తాయి. అక్కడ ఇమిగ్రేషన్ హోల్డ్ అని ఉంటే, మీరు బాండ్ కట్టిన తరువాత కూడా అతను ఇంటికి రాడు. ఇమిగ్రేషన్ అధికారులు వచ్చి తీసుకువెళ్ళడానికి జైలువాళ్ళు 48 గంటల వరకు అతన్ని ఆపి ఉంచుతారు. కొన్ని రాష్ట్రాల్లో షెరీఫ్‌లు ఈ అభ్యర్థనను పక్కన పెట్టగలరు. టెక్సాస్‌లో 2017లో చేసిన చట్టం ప్రకారం పాటించి తీరాలి. అలా అతను కౌంటీ జైలు నుంచి ఇమిగ్రేషన్ నిర్బంధంలోకి మారతాడు, మీ ఎనిమిది లక్షలు పోతాయి. దానికి తోడు క్రిమినల్ కోర్టు వాయిదా నాటికి అతన్ని వేరే ఊళ్ళో ఉంచి, తీసుకురాకపోతే ఇంకో చిక్కు. డీటెయినర్ ఉన్నా బాండ్ కట్టడమే మేలయ్యే సందర్భాలు లేకపోలేదు. అయితే ఆ మాట క్రిమినల్ లాయరు, ఇమిగ్రేషన్ లాయరు ఇద్దరూ మాట్లాడుకుని చెప్పాలి, బాండ్ ఏజెంటు కాదు.

రెండో విషయం, బాండ్ తగ్గించమని అడిగే అవకాశం. అరెస్టయిన 48 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టినప్పుడు ఆ అంకె వేస్తారు. విదేశీ విద్యార్థి, ఇక్కడ సొంతిల్లు లేదు, కుటుంబం లేదు, పారిపోతాడేమో అన్న భయంతో పెద్ద మొత్తమే వేస్తారు. లాయరు వచ్చాక, చదువుతున్న కాలేజీ, ఉండే చోటు, ఆశ్రయం ఇస్తామనే బంధువులు ఉన్నారని చూపించి తగ్గించమని కోరవచ్చు. ఇంకొక నిబంధన కూడా గుర్తుంచుకోండి. ఫెలనీ (తీవ్రమైన నేరం) కేసులో నిర్బంధం మొదలైన 90 రోజుల్లో ప్రభుత్వ పక్షం విచారణకు సిద్ధం కాకపోతే, టెక్సాస్ చట్టం ప్రకారం అతన్ని సొంత పూచీకత్తు మీద విడవాలి, లేదా కట్టగలిగేంతకు బాండ్ తగ్గించాలి. ఇది దానంతట అది జరగదు, లాయరు అడగాలి. ఆ తేదీని మీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.

నేను లాయరును కాను. డాలస్ దగ్గర ఉంటాను. అంతకుముందు మిషిగన్‌లో ఉండేవాణ్ణి. 2019 జనవరిలో అక్కడ ఫార్మింగ్టన్ పేరుతో ప్రభుత్వ ఏజెంట్లే నడిపిన బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారంలో 130 మంది విద్యార్థులను పట్టుకున్నారు. వారిలో 129 మంది భారతీయులు, చాలామంది మన తెలుగు పిల్లలు. కొందరిని కల్హూన్, మన్రో కౌంటీల జైళ్ళలో ఉంచారు. అప్పటి నుంచి ఇలాంటి కుటుంబాలకు తోడుగా జైళ్ళ చుట్టూ, కోర్టుల చుట్టూ తిరుగుతున్నాను. పార్శిల్ కేసులు ఈమధ్య ఎక్కువయ్యాయి. ఎక్కడో కూర్చున్న ముఠా ముసలివాళ్ళను ఫోన్‌లో భయపెడుతుంది, నగదో బంగారమో పెట్టెలో పెట్టించి, తీసుకురావడానికి మన పిల్లల్ని పంపుతుంది. ముఠా దొరకదు, గుమ్మం ముందు నిలబడ్డ పిల్లవాడు దొరుకుతాడు.

ఇన్నేళ్ళలో నాకు గట్టిగా అర్థమైన విషయం ఒకటుంది. జైలు మన పిల్లల్ని ఎంత బాధపెట్టినా, వాళ్ళ భవిష్యత్తును నాశనం చేసేది మాత్రం జైలు నుంచి త్వరగా బయటపడాలన్న ఆత్రంలో పెట్టే సంతకం. కొన్ని వారాలు గడిచాక ప్రాసిక్యూటర్ ఒక ఒప్పందం ముందు పెడతాడు. నేరం ఒప్పుకో, ఇప్పటిదాకా జైల్లో ఉన్న రోజులతో సరి, లేదా కొన్నేళ్ళ ప్రొబేషన్‌తో, అంటే బయట ఉంటూనే కోర్టు షరతులు పాటించడంతో, సరి అంటాడు. నేల మీద పరుపు వేసుకుని పడుకుంటున్న ఇరవై మూడేళ్ళ కుర్రాడికి అది దేవుడిచ్చిన వరంలా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు కూడా 'ఒప్పేసుకో నాన్నా, వచ్చేయ్' అంటారు. దయచేసి మీరు ఆ మాట అనకండి.

టెక్సాస్‌లో 'డిఫర్డ్ అడ్జుడికేషన్' అనే ఏర్పాటు ఉంది. నేరం ఒప్పుకున్నా జడ్జి దోషిగా ప్రకటించకుండా ప్రొబేషన్ ఇస్తారు. సక్రమంగా పూర్తి చేస్తే రాష్ట్ర చట్టం దృష్టిలో శిక్ష పడనట్టే. ఇక్కడి పౌరుడికి అది నిజంగా మంచి ఒప్పందం. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం దాన్ని దోష నిర్ధారణగానే లెక్కిస్తుంది. నేరం ఒప్పుకుని, ఏదో ఒక ఆంక్ష పెట్టించుకుంటే చాలు. 'రికార్డులో ఏమీ ఉండదు' అని లాయరు చెప్పిన మాట నమ్మి సంతకం పెట్టి, ఆ కాగితంతోనే డిపోర్టేషన్ నోటీసు అందుకున్న పిల్లల్ని చూశాను.

మోసం కేసుల్లో ఇంకో గీత ఉంది. బాధితులకు జరిగిన నష్టం పది వేల డాలర్లు దాటితే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని అత్యంత తీవ్రమైన నేరాల కోవలో వేస్తుంది. అక్కడ పడితే దాదాపు అన్ని దారులూ మూసుకుపోతాయి. దొంగతనం నేరానికి ఏడాది, ఆ పైన శిక్ష పడినా అంతే, ఆ శిక్షను అమలు చేయకుండా నిలిపి ఉంచినా లెక్కలోకి వస్తుంది. ఆ పది వేల లెక్కను నేరం పేరులోనే వెతకనక్కర్లేదని, కేసు వాస్తవాలను చూసి తేల్చవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 2009లో నిజావన్ కేసులో చెప్పింది. అందువల్ల ఒప్పంద పత్రంలో ఏ సెక్షన్ రాశారు, నష్టం ఎంతని రాశారు, తిరిగి చెల్లించాల్సిన మొత్తం ఎంత, శిక్ష ఎన్ని నెలలు అన్న ప్రతి మాటకూ ప్రాణం ఉంటుంది. 364 రోజులకూ 365 రోజులకూ మధ్య ఉన్న ఆ ఒక్క రోజు మీద అతను ఈ దేశంలో ఉంటాడా లేదా అన్నది ఆధారపడవచ్చు.

అదృష్టవశాత్తూ ఇక్కడ ఒక హక్కు ఉంది. 2010లో పడీయా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఒప్పుకోలు వల్ల దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంటే ఆ సంగతి ముద్దాయికి చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత. కనుక మీరు లాయరును అడగవలసిన మొదటి ప్రశ్న 'ఎంత తొందరగా బయటికి తెస్తారు' అని కాదు, 'ఏ ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడారు, ఆయన రాతపూర్వకంగా ఏం చెప్పారు' అని. డబ్బు ఉన్నంతలో మొదటి ఖర్చు దీనికే పెట్టండి. బాండ్‌కు ఇవ్వబోయిన పది వేలలో కొంత భాగంతో మంచి ఇమిగ్రేషన్ లాయరు సలహా దొరుకుతుంది.

క్రిమినల్ లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టే ఉచితంగా నియమిస్తుంది. 1963 నాటి గిడియన్ తీర్పు నుంచి వస్తున్న హక్కు ఇది, విదేశీయులకూ వర్తిస్తుంది. ఉచితం కదా అని చులకనగా చూడకండి. ఆ కోర్టులో రోజూ నిలబడేవాళ్ళు, అక్కడి ప్రాసిక్యూటర్ల పద్ధతి ఎరిగినవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉంటారు. టెక్సాస్‌లో రెండున్నర లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న కౌంటీల్లో అభ్యర్థన అందిన తరువాతి పనిదినం ముగిసేలోపు, చిన్న కౌంటీల్లో మూడు పనిదినాల్లోపు లాయరును నియమించాలి. తొమ్మిది రోజులైందంటున్నారు కాబట్టి మేజిస్ట్రేట్ ముందు అతను ఆ అభ్యర్థన పత్రం నింపాడో లేదో కనుక్కోండి. భయంతో 'మా వాళ్ళు పెడతారు' అని చెప్పి వదిలేసే పిల్లలు ఉన్నారు. ఇమిగ్రేషన్ కోర్టులో మాత్రం ప్రభుత్వం లాయరును ఇవ్వదు, అక్కడ మనమే పెట్టుకోవాలి.

ఇక బయట నుంచి మీరు ఇచ్చే ఆసరా. ఇదంతా ప్రేమకు సంబంధించినదే, కేసుకు సంబంధించినది కూడా. వారానికి నాలుగుసార్లు అక్క గొంతు వింటూ, చేతికి సబ్బూ కాఫీ పొడీ అందుతూ, తన కోసం బయట ఎవరో పని చేస్తున్నారని తెలిసిన కుర్రాడు చెడ్డ ఒప్పందానికి 'వద్దు' అనగలడు. ఒంటరిగా కూలబడ్డవాడు ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు.

జాబితాలో పేరు దొరకకపోతే కంగారు పడకండి. మన పేర్లతో ఇక్కడి కంప్యూటర్లకు ఎప్పుడూ పేచీయే. ఇంటిపేరు కొత్తపల్లి, పేరు వెంకట సాయి కిరణ్ అనుకుందాం. కొత్తపల్లి అని కొడితే రాదు, కిరణ్ చివరి పేరై, వెంకట మొదటి పేరై కూర్చుని ఉంటాయి. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే మొదటి పేరు స్థానంలో 'ఎఫ్.ఎన్.యు.' అన్న మూడక్షరాలు వేస్తారు, మొదటి పేరు తెలియదని అర్థం. ప్రతి ముక్కతోనూ, పుట్టిన తేదీతోనూ వెతకండి. దొరికాక జైలువాళ్ళు అతనికి ఇచ్చిన బుకింగ్ నంబరు రాసుకోండి. డబ్బు వేయాలన్నా, ఉత్తరం రాయాలన్నా, లాయరు ఫోన్ చేయాలన్నా అదే అడుగుతారు. కోర్టు కాగితాల్లో, ఇమిగ్రేషన్ కాగితాల్లో పేరు ఏ వరుసలో పడిందో కూడా రాసి పెట్టుకోండి, తరువాత పనికొస్తుంది.

జైలుకు మనం ఫోన్ చేసి అతన్ని పిలవమనలేం, అతనే చేయాలి. హనుమకొండ నంబరుకు నేరుగా చేయడం చాలా జైళ్ళలో కుదరదు. అమెరికా నంబరు ఉన్న నమ్మకమైన మనిషి ఒకరు ముందు కావాలి, రూమ్మేటో దూరపు బంధువో. ఆయన జైలు వాడే ఫోన్ కంపెనీలో ఖాతా తెరిచి కొంత డబ్బు వేయాలి. తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి, ముందు రికార్డు చేసిన గొంతు ఏదో ఇంగ్లీషులో చెబుతుంది. అమ్మకాల ఫోనేమో అని పెట్టేయకుండా చివరిదాకా వినమని ఆయనకు చెప్పండి. ఒకప్పుడు ఈ ఫోన్లకు కుటుంబాలు కుదేలయ్యేవి. వాషింగ్టన్ నగరంలో మార్తా రైట్ అనే బామ్మ తన మనవడితో మాట్లాడటానికి అయ్యే ఖర్చు మీద ఏళ్ళ తరబడి పోరాడింది. ఆమె పేరు పెట్టిన చట్టం మీద 2023 జనవరిలో సంతకం అయింది. ఇప్పటికీ ఖర్చే, కాని అప్పటి దోపిడీ అంత కాదు.

ఆ ఫోన్‌లోకి మిమ్మల్ని కాన్ఫరెన్స్‌లో కలపమని మాత్రం ఆయన్ను అడగకండి. మూడో మనిషిని కలిపితే యంత్రం పసిగట్టి లైను తెంపేస్తుంది, కొన్నిచోట్ల అతని ఫోన్ సౌకర్యం కొన్నాళ్ళు ఆపేస్తారు కూడా. వీడియో సందర్శన ఉన్న జైలయితే మీ పాస్‌పోర్టుతో నమోదు కావడానికి వీలుందేమో అడిగించండి.

ప్రతి మాటా రికార్డవుతుంది, లాయరుతో మాట్లాడేవి తప్ప. తెలుగులో మాట్లాడితే వాళ్ళకేం అర్థమవుతుందిలే అనుకోవద్దు. ప్రాసిక్యూటర్ ఆ రికార్డు తెప్పించుకుని అనువాదకుడి చేత వినిపించుకుంటాడు. ఎవరు పంపారు, ఎంత ఇస్తామన్నారు, ఇంతకుముందు వెళ్ళావా, ఆ ఫోన్ ఎక్కడుంది అన్న ప్రశ్నలు మీ నోట రాకూడదు. 'నాకేం తెలియదక్కా, వాడు చెప్తే వెళ్ళా' అని అతను మొదలుపెట్టినా 'అది లాయరుగారితో చెప్పు నాన్నా, నాకు అన్నం సంగతి చెప్పు' అని మళ్ళించండి. కోపమొచ్చి 'ఎందుకు చేశావురా' అని మీరు అరిచి, అతను ఏడుస్తూ 'తప్పయిపోయింది' అంటే, ఆ రెండు మాటలే కోర్టులో వినిపిస్తారు. అలాగే రూమ్మేట్ల చేత వాట్సాప్ సందేశాలు చెరిపించడం, గదిలో సామాను తీయించడం అసలు వద్దు. టెక్సాస్‌లో సాక్ష్యాన్ని మాయం చేయడం దానంతట అదే ఒక ఫెలనీ. సాయం చేయబోయిన పిల్లవాడు పక్క గదిలో తేలతాడు.

మరి ఏం మాట్లాడాలి? ఇంటి ముచ్చట్లు. అమ్మ ఏం వండింది, మీ పాప ఏ అక్షరాలు నేర్చింది, క్రికెట్ స్కోరు, ఊళ్ళో వాన. ఏమీ మాట్లాడకుండా కాసేపు ఊరుకున్నా పరవాలేదు. ఫోన్ పెట్టే ముందు మళ్ళీ ఏ రోజు, ఏ వేళకు మాట్లాడేదీ చెప్పండి, చెప్పిన వేళకు ఆ మనిషి తప్పక ఫోన్ ఎత్తేలా చూడండి. లోపల ఉన్నవాళ్ళకు రోజులన్నీ ఒకేలా ఉంటాయి, ఆ ఒక్క వేళను పట్టుకుని మిగతా వారం ఈదుతారు.

తిండి గురించి అడిగి ఉంటారు మనసులో. శాకాహారి అయితే చెప్పకపోతే మాంసం ముక్క పెట్టిన బ్రెడ్డే వస్తుంది. మతపరమైన ఆహారం కావాలని జైలు చాప్లిన్‌ను (మత వ్యవహారాలు చూసే అధికారిని) రాతపూర్వకంగా అడగమనండి, చాలా జైళ్ళలో ఇస్తారు, సమయం పడుతుంది. కమిసరీ ఖాతాలో డబ్బు వేస్తే వారానికోసారి జైలు దుకాణం నుంచి నూడుల్స్, చిప్స్, కాఫీ పొడి, సబ్బు, కాగితాలు తెప్పించుకోవచ్చు. నేను చూసిన ఒక పిల్లవాడు నూడుల్స్ పొట్లంలోనే కుళాయి వేడినీళ్ళు పోసి, మూతి మడిచి దుప్పటి కింద పెట్టి, కాసేపయ్యాక అందులో కారం చిప్స్ నలిపి కలుపుకునేవాడు. అమ్మ చేసే ఉప్మాలా ఉంటుందని వాళ్ళమ్మకు చెప్పి నవ్వించాడు. డబ్బు కొంచెం కొంచెంగా, వారం వారం వేయండి. ఒకేసారి ఎక్కువ వేస్తే పక్కవాళ్ళకు తెలిసి పీడిస్తారు. ఫలానా నంబరుకు డబ్బు పంపమని అతను వింతగా అడిగితే, ఎవరో బెదిరిస్తున్నారని అనుమానించి లాయరుకు చెప్పండి.

ఇంకో మోసం జాగ్రత్త. జైలు జాబితా అందరికీ కనిపిస్తుంది కదా, దాన్ని చూసి దొంగలు కుటుంబాలకు ఫోన్ చేస్తారు. షెరీఫ్ ఆఫీసు నుంచి అంటారు, ఇప్పుడే ఇంత కడితే సాయంత్రానికి వదిలేస్తాం అంటారు. గిఫ్ట్ కార్డుతోనో, ఫోన్‌లో డబ్బు పంపే యాప్‌తోనో కట్టమంటే అది నూటికి నూరుపాళ్ళు మోసం.

మందుల సంగతి ఈరోజే చూడండి. ఆస్తమా, థైరాయిడ్, షుగరు, మనసుకు సంబంధించినవి ఏవైనా వాడుతుంటే, ఇక్కడి మనిషి చేత జైలు వైద్య విభాగానికి ఫోన్ చేయించి మందు పేరు, మోతాదు, రాసిన డాక్టరు వివరాలు చెప్పించండి. అతని ఆరోగ్యం గురించి వాళ్ళు మనకు ఏమీ చెప్పకపోవచ్చు, మనం చెప్పేది మాత్రం వింటారు. ఫోన్‌లో బతకాలని లేదన్న ధోరణి వినిపిస్తే, అది ఒక్క మాటే అయినా, వెంటనే జైలుకు ఫోన్ చేసి ఆత్మహత్య భయం ఉందని సూటిగా చెప్పించండి. ఫోన్ ఎత్తినవారి పేరు, సమయం రాసుకోండి. వాలర్ కౌంటీ జైల్లో 2015 జులైలో సాండ్రా బ్లాండ్ అనే యువతి అరెస్టయిన మూడో రోజే ఉరికి వేలాడుతూ కనిపించింది. ఆమె పేరుతో టెక్సాస్ 2017లో చట్టం చేసి, మానసిక స్థితి గమనించే విషయంలో జైళ్ళ మీద బాధ్యత పెంచింది. అయినా ఎవరో ఒకరు బయటి నుంచి చెబితేనే త్వరగా కదులుతుంది. పరువు పోతుందని ఈ ఒక్క విషయంలో వెనకాడవద్దు.

టెక్సాస్‌లో వారానికి రెండుసార్లు, ఒక్కోసారి కనీసం 20 నిమిషాలు ఎదురుగా కలిసే హక్కు ఖైదీలకు ఉంది, కొన్ని జైళ్ళకు మినహాయింపు ఉన్నా. మధ్యలో అద్దం ఉంటుంది, ఫోన్ రిసీవర్ లోంచి మాట్లాడాలి, అదీ రికార్డే. వెళ్ళే స్నేహితుడి దగ్గర చెల్లుబాటయ్యే గుర్తింపు కార్డు ఉండాలి, అతని వీసా పరిస్థితి సరిగా ఉండాలి. స్టేటస్ పోయిన పిల్లవాణ్ణి జైలు గుమ్మం దగ్గరికి పంపకండి. ఉత్తరాలు ఇప్పుడు చాలాచోట్ల స్కాన్ చేసి తెర మీద చూపిస్తున్నారు. తెలుగులో రాస్తే పరిశీలన దగ్గర ఆగిపోవచ్చు, తేలిక ఇంగ్లీషులో రాసి కింద ఆశీస్సు ఒక్కటి తెలుగులో రాయండి. పుస్తకాలయితే దుకాణం నుంచి నేరుగా వెళ్ళే కొత్త, మెత్తటి అట్ట పుస్తకాలే తీసుకుంటారు.

హ్యూస్టన్‌లో ఉన్న భారత కాన్సులేట్‌కు మీరే ఈమెయిల్ రాయండి. పట్టుబడ్డ విదేశీయుడికి తన దేశ కాన్సులేట్‌ను సంప్రదించే హక్కు ఉందని 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం చెబుతుంది. కొన్ని దేశాల వారి విషయంలో అమెరికా తప్పనిసరిగా తెలియజేస్తుంది, భారత్ ఆ జాబితాలో లేదు, ఖైదీ అడిగితేనే చెబుతారు. అందుకని అతని చేత కూడా అడిగించండి. కాన్సులేట్ విడిపించలేదు, కోర్టులో వాదించలేదు. వెళ్ళి చూడగలదు, లాయర్ల జాబితా ఇవ్వగలదు, పాస్‌పోర్టు పని చేయగలదు. మరీ ఇబ్బందుల్లో ఉన్నవారికి ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి న్యాయ సహాయం అడిగే వీలుంది. కాలేజీకి చెప్పే విషయం లాయరు చెప్పినట్టే చేయండి. తరగతులకు రాకపోతే ఎఫ్-1 (విద్యార్థి వీసా) రికార్డు మీద ప్రభావం పడుతుంది, కానీ తొందరపడి కేసు వివరాలు వాళ్ళకు రాసి ఇవ్వడం అంతకంటే ప్రమాదం.

అమ్మా, ఒక మాట కాస్త కటువుగా చెప్పాలి. అటువైపు ఒక పెద్దావిడ ఉంది. ఆమె జీవితమంతా దాచుకున్నది పోయి ఉండవచ్చు, రాత్రిళ్ళు తలుపు చప్పుడైతే ఉలిక్కిపడుతూ ఉండవచ్చు. 65 ఏళ్ళు, ఆ పైన వయసున్నవారి సొమ్ము దొంగిలిస్తే టెక్సాస్ చట్టం నేరాన్ని ఒక మెట్టు పైకి వేస్తుంది, వేయడం న్యాయమే. మీ తమ్ముడికి ఎంత తెలుసో నాకు తెలియదు, అది తేల్చేది కోర్టు. మీరు మాత్రం ఆమెకు గానీ ఆమె పిల్లలకు గానీ ఫోన్ చేయకండి, కాళ్ళు పట్టుకుంటామని, డబ్బు ఇస్తామని ఎవరినీ పంపకండి. మన ఊళ్ళలో పెద్దమనుషుల చేత చెప్పించి రాజీ చేసుకునే పద్ధతి ఇక్కడ సాక్షిని బెదిరించడంగా మారుతుంది. డబ్బు తిరిగి ఇవ్వాలని మీకు ఉంటే అది ఉత్తమమైన ఆలోచన, లాయరు ద్వారా, ఆ పది వేల గీత మీద ఏం ప్రభావం పడుతుందో చూసుకున్నాకే ఇవ్వాలి.

నాన్నగారికి చెప్పండి. ఆయన డాక్టరుతో ముందు మాట్లాడి, మీరు పక్కన కూర్చుని, పగటిపూట చెప్పండి. జైలు జాబితాలో ఫోటోతో సహా పేరు ఉంది. ఎవరో ఒకరు చూస్తారు, గ్రూపుల్లో తిరుగుతుంది, యూట్యూబ్ ఛానెల్‌కు చేరుతుంది. కొడుకు సంగతి ఆయన ఫోన్ తెర మీద చదవడం కంటే కూతురి నోట వినడం గుండెకు మేలు. విలేఖరులు ఫోన్ చేస్తే ఏమీ చెప్పవద్దు, 'మా వాడు అమాయకుడు, ఫలానావాడు పంపాడు' అన్న మాట కూడా వద్దు. అది కూడా కేసులోకి వస్తుంది.

ఒకవేళ అతను జాబితా నుంచి హఠాత్తుగా మాయమైతే, విడుదలయ్యాడని సంబరపడకండి. ఇమిగ్రేషన్ నిర్బంధంలోకి మారి ఉండవచ్చు. దానికి ఐ.సి.ఇ. (ఇమిగ్రేషన్ నిర్బంధాలు చూసే శాఖ) వాళ్ళ వెబ్‌సైట్‌లో వేరే వెతుకులాట ఉంది. ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ విదేశీయుడికి ఇచ్చే నంబరు), లేదా పేరు, పుట్టిన దేశం అడుగుతుంది. ఇందాక రాసి పెట్టుకోమన్న పేరు వరుస అక్కడ అవసరమవుతుంది. మళ్ళీ కౌంటీ జైల్లోనే ఉన్నట్టు చూపినా ఆశ్చర్యపోకండి, ఇమిగ్రేషన్ శాఖ అనేక కౌంటీ జైళ్ళలో గదులు అద్దెకు తీసుకుంటుంది, మిషిగన్ పిల్లల్ని అలాగే ఉంచారు.

ఇక మీరు రావాలా అన్నది. ఇప్పుడు వద్దు. వచ్చినా అద్దం అవతల నుంచి వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున చూడటమే. మొదటి వాయిదాల్లో రెండు నిమిషాల్లో తేదీ మార్చి పంపేస్తారు. విమానం ఖర్చూ వసతి ఖర్చూ ఇమిగ్రేషన్ లాయరుకు పెట్టండి. బాండ్ తగ్గించే విచారణకు గానీ, శిక్ష ఖరారు చేసే రోజుకు గానీ కుటుంబం వెనక బెంచీల్లో కూర్చుని ఉంటే మేలని లాయరు చెబితే అప్పుడు రండి. ఆ రోజు జడ్జికి ఈ కుర్రాడి వెనక మనుషులున్నారని కనిపించడం నిజంగా ఉపయోగపడుతుంది. వీసాకు ఇప్పుడే దరఖాస్తు పెట్టి ఉంచండి, ఇంటర్వ్యూలో ప్రయాణ కారణం అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఈలోగా కౌంటీ పేరు, డీటెయినర్ ఉందో లేదో నాకు విడిగా రాయండి. తమ్ముడి పేరూ బుకింగ్ నంబరూ ఇక్కడ అందరికీ కనిపించేలా పెట్టకండి. ఆ కౌంటీ కోర్టులో పని చేసిన క్రిమినల్ లాయర్లను, వాళ్ళతో కలిసి నడిచే ఇమిగ్రేషన్ లాయర్లను కనుక్కుని చెబుతాను.